పరిశోధక విద్యార్థుల వృత్తిజీవితం: బెంగళూరులోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులోని పరిశోధనా సంస్థల్లో చదువుకొంటున్న తెలుగు విద్యార్థులు కొందరు నెలకొక ఆదివారం మత్తికెరెలోని మా ఇంటికి వస్తూ ఉంటారు. కొన్నేళ్ళుగా వారు నన్ను మళ్ళీమళ్ళీ అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెబుతూ వచ్చిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను ఈ ఊళ్ళోనే పీహెచ్‌డీ చేసి, ఆరేళ్ళు ఒక కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేసి, ఆ తరువాత బోధనలోకి వచ్చినవాణ్ణి. నియమాలూ మొత్తాలూ మారుతూ ఉంటాయి కనుక, దరఖాస్తు పెట్టే ముందు ఆయా సంస్థల తాజా ప్రకటనను తప్పక చదువుకోండి.

పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలోనే ఉద్యోగం గురించి ఆలోచించడం తొందరపాటు కాదా?

కాదు. థీసిస్ పూర్తిచేయడం ఒక పని, ఆ తరువాతి జీవనోపాధిని ఏర్పరచుకోవడం మరొక పని. మొదటిది అయితే రెండవది దానంతట అదే సమకూరుతుందని నమ్మి, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) సమర్పించిన నాడు ఏ దారీ తెలియక నిలబడిపోయినవారిని చాలామందిని చూశాను. అది వారి బద్ధకం వల్ల జరిగినది కాదు. మన సంస్థల్లో థీసిస్‌కు గైడ్ బాధ్యుడు. విద్యార్థి భవిష్యత్తుకు మాత్రం ఎవరినీ బాధ్యులుగా నియమించలేదు. ఆ ఖాళీని విద్యార్థే పూరించుకోవలసి వస్తుంది.

ఇందుకు పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఆరు నెలలకొకసారి ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఈ ఆరు నెలల్లో కొత్తగా ఏ పని చేతనయింది, ఆ పని వచ్చినవారిని ఎవరెవరు జీతమిచ్చి పెట్టుకొంటున్నారు, రాబోయే ఆరు నెలల్లో ఏది నేర్చుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులోనూ పరిశోధన సలహా సంఘం ముందు మీ ప్రగతిని వివరించాలి కనుక, అదే వారంలో ఈ కాగితాన్ని కూడా తిరగరాస్తే మరచిపోయే ప్రమాదం ఉండదు. రెండవ ప్రశ్నకు జవాబు ఊహించి రాయకండి. నిజమైన ఉద్యోగ ప్రకటనలు చదివి రాయండి.

గైడ్‌ను ఎంచుకొనేటప్పుడు ఏమేమి చూడాలి?

పేరు ప్రతిష్ఠల కంటే ముందు, ఆ ల్యాబ్ నుంచి బయటికి వెళ్ళినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చూడాలి. గడచిన పదేళ్ళలో ఆయన వద్ద పీహెచ్‌డీ పూర్తిచేసినవారు ఎందరు, మధ్యలో మానేసినవారు ఎందరు, ఒక్కొక్కరికి ఎన్నేళ్ళు పట్టింది అన్న మూడు అంకెలు తెలిస్తే మిగిలిన విషయాలు చాలావరకు తెలిసినట్లే. ప్రస్తుత విద్యార్థులను ల్యాబ్‌లో కూర్చోబెట్టి అడిగితే మర్యాద సమాధానమే వస్తుంది. బయట టీ తాగుతూ అడగండి. మానేసినవారి ఆచూకీ తెలిస్తే వారితో కూడా మాట్లాడండి. వారి మాటలో కొంత బాధ కలిసి ఉన్నా, మిగిలినవారు చెప్పని సంగతులు వారు చెబుతారు.

యూజీసీ పరిధిలోని విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. పదవీ విరమణకు మూడేళ్ళ కంటే తక్కువ సమయం ఉన్నవారు కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదు. ఐఐటీల వంటి సంస్థలకు స్వంత నియమాలున్నాయి. జీవశాస్త్ర సంస్థలు కొన్నింటిలో గైడ్‌ను ఖరారు చేసుకొనే ముందు రెండు మూడు ల్యాబ్‌లలో కొన్ని వారాల పాటు పనిచేసి చూసే రొటేషన్ పద్ధతి ఉంది. ఆ అవకాశం ఉన్నచోట దానిని లాంఛనంగా గడిపేయడం మంచిది కాదు. రేపు ఐదారేళ్ళు గడపవలసిన చోటు అది.

ఫెలోషిప్ డబ్బుతో బెంగళూరులో గడవగలదా? ఇంటికి ఏమైనా పంపగలమా?

2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు. హాస్టల్ వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనంగా వస్తుంది. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి మొదటి రెండేళ్ళు 70,000, మూడవ ఏడు 75,000, చివరి రెండేళ్ళు 80,000 చొప్పున నిర్ణయించారు. హాస్టల్‌లో ఉండి మెస్‌లో తినేవారికి జేఆర్‌ఎఫ్ చాలుతుంది. బయట గది తీసుకొన్నవారికి అద్దె, అడ్వాన్సు, ప్రయాణ ఖర్చులు పోగా మిగిలేది కొద్దిపాటే.

మొత్తం కంటే పెద్ద ఇబ్బంది ఆలస్యం. ఫెలోషిప్ రెండు మూడు నెలలు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ కాలం ఆగిపోయి, ఆపైన ఒకేసారి జమకావడం చాలా సంస్థల్లో జరుగుతూనే ఉంది. కనుక చేరిన మొదటి ఏడాదిలోనే మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్మును వేరే ఖాతాలో ఉంచుకోవడాన్ని నేను ప్రతి ఒక్కరికీ మొదటి సలహాగా చెబుతాను. ఇంటికి డబ్బు పంపవలసిన బాధ్యత ఉన్నవారు ఎంత పంపగలరో, ఏ నెలలో పంపలేకపోవచ్చునో ముందే ఇంట్లో చెప్పాలి. బెంగళూరులో ఉన్నాడంటే సాఫ్ట్‌వేర్ జీతమే అనుకొనే బంధువులకు ఫెలోషిప్ అంటే ఏమిటో తల్లిదండ్రులే వివరించగలిగేటట్లు వారికి మీరు వివరించాలి. ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది కాని, నాకు తెలిసిన ముగ్గురు చదువు మధ్యలో ఆపినది పరిశోధన సాగక కాదు, ఇంట్లో ఈ సంగతి చెప్పుకోలేక.

ఎన్ని పేపర్లు ఉంటే సరిపోతుంది? ఎటువంటి జర్నల్‌లో వేయాలి?

పీహెచ్‌డీ పట్టా కోసమే అయితే, థీసిస్ సమర్పించే ముందు తప్పనిసరిగా పేపరు ప్రచురించి ఉండాలన్న షరతును యూజీసీ 2022 నవంబరులో తొలగించింది. అయితే విశ్వవిద్యాలయం తన స్వంత నియమంగా దానిని కొనసాగించవచ్చు కనుక మీ విశ్వవిద్యాలయ ఆర్డినెన్సు (నియమావళి) చూసుకోండి. ఉద్యోగం విషయం వేరు. ఎంపిక సంఘాలు ఇప్పటికీ పేపర్లను లెక్కిస్తాయి; మంచి సంఘాలు లెక్కించడంతో పాటు చదువుతాయి. ఎన్ని అన్న ప్రశ్నకు అన్ని శాఖలకూ పనికివచ్చే అంకె లేదు. గణితంలో రెండు పేపర్లు గట్టివైతే చాలు. రసాయన శాస్త్రంలో అదే రెండు తక్కువ అనిపిస్తాయి. మీరు చేరదలచిన విభాగంలో గత నాలుగైదేళ్ళలో నియమితులైనవారి ప్రచురణల జాబితాలు చూడడమే సరైన కొలత.

జర్నల్ పేరు గురించి ఒక సంగతి. గణాంకశాస్త్రంలోని అంచనాల సిద్ధాంతంలో క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతా పాఠంగా చెప్పుకొనే ఫలితాన్ని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకొన్న కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదు దాటలేదు. ఆ పనికి తగిన గుర్తింపుగా 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం కూడా ఆయనకు లభించింది. దీని నుంచి ఏ జర్నల్ అయినా ఒకటేనని అర్థం తీయకండి. పనిలో సత్తువ ఉండి, నిజాయతీగా సమీక్షించే పండితులు నడిపే పత్రిక అయితే, దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రిక పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకె) తక్కువని వెనుకాడనక్కరలేదని మాత్రమే నా భావం. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పరిశోధకుని విలువ కట్టకూడదని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా చెప్పింది.

డబ్బు తీసుకొని సమీక్ష లేకుండా ప్రచురించే దొంగ జర్నళ్ళ జోలికి పోవద్దు. ఈ వ్యాపారం మనకు దూరంగా లేదు: హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. వారం రోజుల్లో అంగీకారం వస్తుందని చెప్పే ఉత్తరం, మీ శాఖతో సంబంధం లేని ఆహ్వానం, అడగకుండానే తమ పేర్లు వేశారని సంపాదకవర్గ సభ్యులే చెప్పడం వంటివి దాని గుర్తులు. యూజీసీ తన ఆమోదిత పత్రికల జాబితా అయిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది కనుక పత్రిక మంచిచెడ్డలు తేల్చే పని ఇప్పుడు పూర్తిగా మన మీదనే ఉంది. అటువంటి చోట పడిన ఒక్క పేపరు, పదేళ్ళ తరువాత కూడా ఇంటర్వ్యూలో మీకు ఎదురుపడుతుంది.

పేపరులో నా పేరు మొదట ఉండాలా, రెండవదిగా ఉండాలా అన్న విషయంలో గొడవ వచ్చింది. ఏమి చేయాలి?

గొడవ వచ్చాక చేయగలిగినది కొంతే. పని మొదలుపెట్టిన రోజునే, ఎవరు ఏ భాగం చేస్తారో, పేర్ల క్రమం ఏమిటో ఒక ఈమెయిల్‌గా రాసి అందరికీ పంపండి. అడగడానికి మొహమాటం అడ్డు వస్తుంది, నిజమే. పెద్దవారిని నిలదీసినట్లు ఉంటుందేమోనన్న భయంతో మనలో చాలామంది ఊరుకొంటారు. అయితే “సార్, నిన్న మీరు చెప్పినదాని ప్రకారం నేను అర్థం చేసుకొన్నది ఇది, పొరపాటు ఉంటే దిద్దండి” అని వినయంగా రాసిన ఉత్తరం ఎవరినీ నొప్పించదు, తరువాత మీకు ఆధారంగా నిలుస్తుంది.

పనిని పధ్నాలుగు రకాల పాత్రలుగా విభజించి ఎవరు ఏది చేశారో తెలిపే క్రెడిట్ పద్ధతిని ఇప్పుడు చాలా పత్రికలు పాటిస్తున్నాయి. రాత ప్రతి సిద్ధమయ్యే ముందే ఆ పట్టికను నింపితే తగవులు సగం తగ్గుతాయి. ఏమీ చేయనివారి పేరును గౌరవార్థం చేర్చడం మర్యాద కాదు. పేపరులో తప్పు తేలితే ఆ పేరుగలవారు కూడా జవాబుదారులవుతారు.

గైడ్‌తో పొసగడం లేదు. మార్చుకోవచ్చునా?

మార్చుకోవచ్చు. కాని ముందు మీ ఇబ్బంది ఏ రకానిదో వేరుచేసి చూడండి. సమయం ఇవ్వకపోవడం, రాసినది నెలల తరబడి చదవకపోవడం, కోపంగా మాట్లాడడం, అవమానించడం, వేధించడం: ఇవన్నీ ఒకటి కావు. మొదటి రెండింటికి చాలావరకు ఏర్పాటు ద్వారా పరిష్కారం దొరుకుతుంది. వారానికి ఒక నిర్ణీత గంట అడగడం, సమావేశం ముగిసిన రోజునే అనుకొన్న సంగతులను నాలుగు వాక్యాల్లో రాసి పంపడం, సహగైడ్‌ను చేర్చుకోవడం వంటివి పనిచేస్తాయి. నా స్వంత పీహెచ్‌డీలో ఒక అధ్యాయం పదకొండు నెలలు బల్ల మీదే ఉండిపోయింది. నేను అడగడానికి భయపడ్డాను, ఆయన మరచిపోయారు. ప్రతి సోమవారం ఒక పేజీ మాత్రమే పట్టుకొని వెళ్ళడం మొదలుపెట్టాక రెండు నెలల్లో అధ్యాయం ముగిసింది.

అవమానాలు, వేధింపులు అయితే ఓర్చుకోమని నేను చెప్పను. తేదీలతో సహా జరిగినవి రాసిపెట్టుకొని, సలహా సంఘంలో మీకు నమ్మకమున్న ఒక సభ్యునితో, తరువాత విభాగాధిపతితో లేదా డీన్‌తో మాట్లాడండి. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీకి మూడు నెలల లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పొడిగించగలదు. గైడ్ మార్పు మొదటి రెండేళ్ళలో సులభం. నాలుగవ ఏట అయితే చేసిన పనిలో ఎంత మీతో వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకొన్న తరువాతనే అడుగు వేయండి.

తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషులో రాయడానికి, సెమినార్లలో మాట్లాడడానికి జంకు. దీనిని ఎలా దాటాలి?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందికి ఇంగ్లీషు రాకపోవడం కంటే అమరిక తెలియకపోవడమే అడ్డంకి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, మన వాదన కూడా కారణాలన్నీ పేర్చుకొంటూ వెళ్ళి చివరకు విషయం తేలుస్తుంది. ఇంగ్లీషు పేపరు చదివేవారు తేలిన విషయాన్ని పేరా మొదటి వాక్యంలోనే ఆశిస్తారు. మీరు రాసిన ప్రతి పేరాలో చివరి వాక్యాన్ని మొదటికి మార్చి చదివి చూడండి. చాలా సందర్భాల్లో అంతకంటే దిద్దవలసినది ఎక్కువ ఉండదు.

రాసే ముందు ఆ వాదనను తెలుగులో ఒక స్నేహితునికి చెప్పండి. తెలుగులో చెప్పలేనిది ఇంకా మీకే స్పష్టం కాలేదని అర్థం. రాత ప్రారంభించేటప్పుడు చేసిన పనిని వివరించే భాగంతో మొదలుపెట్టండి. అందులో పదాలు తడుముకోవలసిన అవసరం తక్కువ. ఏ.ఐ. సాధనాలతో భాష దిద్దించుకొనేవారు పత్రిక నియమాలు చదివి, వాడినట్లు చెప్పవలసిన చోట చెప్పండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం మించితే దిద్ది సమర్పించమంటారు, 40 శాతం మించితే ఏడాది పాటు సమర్పించనివ్వరు, 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇతరుల వాక్యాలను అటూ ఇటూ మార్చి అతికించడం కంటే మీ స్వంత మామూలు వాక్యమే ఎంతో మేలు.

మాట్లాడే విషయంలో, మొదటి రెండు నిమిషాలను మాత్రం కంఠస్థం చేయండి. మిగిలినది అలవాటు మీద వస్తుంది.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) విదేశాల్లోనే చేయాలా?

శాఖను బట్టి ఉంటుంది. ప్రయోగాత్మక జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయన శాస్త్రంలో మన దేశపు ప్రముఖ సంస్థలు అధ్యాపకులను తీసుకొనేటప్పుడు కొన్నేళ్ళ విదేశీ పోస్ట్‌డాక్ అనుభవానికి బరువు ఇస్తున్న మాట వాస్తవం. ఇంజనీరింగ్‌లో, సామాజిక శాస్త్రాల్లో అంత పట్టింపు లేదు. ఈ పరిస్థితి మారాలనే నేను కోరుకొంటాను. అయినా ఇవాళ దరఖాస్తు చేసేవారికి ఇవాళ్టి పరిస్థితి చెప్పడం నా బాధ్యత.

ల్యాబ్ అధిపతికి రాసే ఉత్తరం ఒక పేజీ మించకూడదు. ఆయన పనిలో మీరు చదివినది ఏది, అందులో మీకు తోచిన ప్రశ్న ఏది, మీరు తెచ్చే నైపుణ్యం ఏది అన్నవి ఉంటే చాలు. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే వందమందీ గుర్తుపడతారు. స్వంత ఫెలోషిప్‌తో వెళ్ళేవారికి గౌరవమూ స్వేచ్ఛా ఎక్కువ. ఐరోపాలో మేరీ స్క్లొదోవ్‌స్కా-క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తరువాత 8 ఏళ్ళ లోపు పరిశోధనానుభవం ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. జర్మనీలో హంబోల్ట్ ఫెలోషిప్ అన్ని శాఖలవారికీ ఉంది. తిరిగి వచ్చేవారికి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ, రామానుజన్, రామలింగస్వామి ఫెలోషిప్‌లు, హైదరాబాదు నుంచి నడిచే ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. వీటిలో కొన్నింటికి వయోపరిమితి, కొన్నింటికి పీహెచ్‌డీ నాటి నుంచి గడచిన కాలం లెక్క. కనుక విదేశానికి వెళ్ళిన రోజునే తిరుగు ప్రయాణపు గడువులను క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ సెర్బ్ నడిపిన పథకాలు 2024 నుంచి కొత్తగా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ కిందికి వచ్చాయి. పాత ప్రకటనలను నమ్మి దరఖాస్తులు తయారుచేసుకోవద్దు.

సిఫారసు లేఖలు ఎవరిని అడగాలి?

మీ పనిని దగ్గరగా చూసినవారిని. పెద్ద పేరున్నవారు రాసిన నాలుగు పంక్తుల కంటే, మీతో పనిచేసిన మామూలు అధ్యాపకుడు రాసిన రెండు పేజీలు ఎక్కువ పనికివస్తాయి. గడువుకు నెల రోజుల ముందు అడిగి, మీ సీవీ, ప్రకటన ప్రతి, లేఖలో ప్రస్తావించదగిన మూడు సందర్భాలు పంపండి. లేఖ మీరే రాసి తెస్తే సంతకం చేస్తామనేవారు ఉంటారు. అప్పుడు లేఖ కాకుండా వివరాల పట్టిక ఇవ్వడానికి ప్రయత్నించండి.

కంపెనీకి వెళ్తే పరిశోధనలో ఓడిపోయినట్లేనా?

ఈ ప్రశ్న వినగానే నాకు బాధ కలుగుతుంది. నేను కంపెనీలో చేరిన సంవత్సరం మా నాన్నగారు బంధువులతో “ప్రస్తుతానికి ఉద్యోగం చేస్తున్నాడు” అని చెప్పేవారు, అసలు పని ఇంకెక్కడో ఉన్నట్లు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చూడండి. సహశాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించి, హార్వర్డులో ఏళ్ళ తరబడి పనిచేసినా అక్కడ ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. 1948లో మరణించేనాటికి ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వంలోని బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, క్యాన్సరు చికిత్సకు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్, బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజీన్ వచ్చాయి. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర అదే. విశ్వవిద్యాలయంలో చోటు దొరకకపోవడం వల్ల ఆయన శాస్త్రవేత్త కాకుండా పోలేదు.

ఇక ఈ ఊరి సంగతి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చినప్పటి నుంచి బెంగళూరులో కంపెనీ పరిశోధన విస్తరిస్తూనే ఉంది. వైట్‌ఫీల్డ్‌లో 2000లో ప్రారంభమైన జీఈ సాంకేతిక కేంద్రం, 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, జీవశాస్త్రంలో బయోకాన్, సింజీన్, చిప్ డిజైన్ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. స్వంతంగా మొదలుపెట్టదలచిన జీవశాస్త్రం వారికి జీకేవీకే ప్రాంగణం వైపున్న సీ-క్యాంప్ వంటి అంకుర సంస్థల ప్రోత్సాహక కేంద్రాలు, కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 50 లక్షల రూపాయల వరకు అందించే బిగ్ గ్రాంటు అందుబాటులో ఉన్నాయి.

వెళ్ళదలచినవారు ముందుగా రెజ్యూమె మార్చాలి. ఎనిమిది పేజీల ప్రచురణల జాబితాను నియామకాధికారి చదవరు. రెండు పేజీల్లో, ప్రతి పనికీ సమస్య ఏమిటి, మీరు ఏమి చేశారు, దాని వల్ల ఏమి మారింది అన్నది చెప్పాలి. “అధ్యయనం చేశాను” అన్న మాటకు బదులుగా ఎన్ని నమూనాలు, ఎంత కాలం, ఏ పరికరం, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు అన్న వివరాలు రాయండి. పీహెచ్‌డీలో మీరు చేసిన బడ్జెట్ లెక్కలు, పరికరాల కొనుగోలు, జూనియర్ల పర్యవేక్షణ కూడా అనుభవమే. మనవాళ్ళు వాటిని చాకిరీగా భావించి వదిలేస్తారు. మీ కంటే రెండు మూడేళ్ళు ముందు అదే దారిలో వెళ్ళిన సీనియర్లను కలిసి, వారి ఒక రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఉద్యోగం అడగవద్దు, పని గురించి అడగండి.

కంపెనీ నుంచి తిరిగి విశ్వవిద్యాలయానికి రావడం కష్టమే కాని అసాధ్యం కాదు. ఏడాదికి ఒక పేపరైనా, ఒక సమావేశమైనా, ఒక కోర్సు బోధనైనా చేతిలో ఉంచుకొన్నవారికి తలుపు తెరిచే ఉంటుంది. నేను ఆ మూడవ దారిలో వచ్చాను: శనివారాలు ఒక కళాశాలలో పాఠం చెప్పడం వల్ల.

కంపెనీ, ప్రొఫెసర్ ఉద్యోగం కాకుండా వేరే దారులు ఏమున్నాయి?

పేటెంట్ పరిశీలన, శాస్త్ర పత్రికల సంపాదకత్వం, సైన్సు రచన, ల్యాబ్ మేనేజర్ పదవులు, నిధుల సంస్థల్లో కార్యక్రమ నిర్వహణ, శాస్త్ర విధానం. జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలో ప్రారంభమైన ఇండియాబయోసైన్స్ వంటి వేదికలు ఇటువంటి ప్రకటనలను క్రమంగా అందిస్తాయి. పరిశోధన నుంచి పరిపాలనకు వెళ్ళడం చిన్నతనం కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి, రామన్ గారి శిష్యుడిగా పేరు తెచ్చుకొన్న సూరి భగవంతం గారు 1957 నుంచి 1962 వరకు ఇదే ఊళ్ళోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉండి, తరువాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉంటే చాలునా? సొంత జిల్లాలో కళాశాల ఉద్యోగం తీసుకోవచ్చునా?

2023 జులై నుంచి విశ్వవిద్యాలయాలు, కళాశాలల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్ లేదా రాష్ట్రస్థాయి పరీక్షలైన సెట్, స్లెట్ కనీస అర్హత. ఆ స్థాయిలో పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. యూజీసీ వేతన శ్రేణిలో ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ వంటి చోట్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి శ్రేణి 1,01,500 వద్ద మొదలవుతుంది. ప్రైవేటు కళాశాలల్లో ఈ శ్రేణులు చాలాచోట్ల కాగితానికే పరిమితం.

సొంత జిల్లాకు తిరిగి వెళ్ళి పాఠం చెప్పాలన్న కోరిక మంచిది, అక్కడి పిల్లలకు మీ అవసరం ఎంతో ఉంది. చేరే ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి: వారానికి ఎన్ని పీరియడ్లు, జీతం బ్యాంకు ఖాతాలో ఎంత పడుతుంది, వర్సిటీ ర్యాటిఫికేషన్ (నియామకానికి విశ్వవిద్యాలయ ఆమోదం) వస్తుందా, పరిశోధనకు సెలవు ఇస్తారా. ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల దగ్గర ఉంచమని అడిగితే నకళ్ళు మాత్రమే ఇవ్వండి. వాటిని తిరిగి పొందడానికి ఏళ్ళ తరబడి తిరిగినవారు నాకు తెలుసు.

పెళ్ళి, పిల్లలు, పరిశోధన: ఆడపిల్లలు ఈ మూడూ ఎలా నిర్వహించాలి?

ప్రశ్న ఆడపిల్లలకే ఎందుకు వస్తుందో ఆలోచించవలసినవారు ఇంట్లోని మగవారు. నియమాలు మాత్రం ఇలా ఉన్నాయి: పీహెచ్‌డీ కాలం మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. సాధారణ గడువు ఆరేళ్ళకు అదనంగా మహిళలకు మరో రెండేళ్ళు సడలింపు ఉంది. వివాహం వల్ల వేరే ఊరికి మారవలసి వస్తే పరిశోధన సమాచారాన్ని అక్కడి సంస్థకు బదిలీ చేయించుకొనే వీలును 2022 నిబంధనలు కల్పించాయి. విరామం తరువాత తిరిగి వచ్చేవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ కింద, జీవశాస్త్రం వారికి బయోకేర్ పేరిట ప్రత్యేక పథకాలున్నాయి. సంబంధం కుదుర్చుకొనేటప్పుడే థీసిస్ పూర్తయ్యే తేదీని ఇరువైపుల పెద్దల ముందూ స్పష్టంగా చెప్పినవారికి తరువాత ఇబ్బంది తక్కువైందని నా పరిచయస్తులు చెబుతారు.

ఏ పనీ ముందుకు సాగక, నిద్ర పట్టక ఉంటే?

రెండు వారాలకు మించి అలా ఉంటే దానిని పని సమస్యగా కాక ఆరోగ్య సమస్యగా చూడండి. సంస్థలోని కౌన్సెలర్‌ను కలవండి. ప్రభుత్వం నడిపే టెలి-మానస్ సహాయవాణి 14416కు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. దాని కేంద్ర సంస్థ ఈ ఊళ్ళోని నిమ్హాన్స్. అదే సమయంలో ఒక్కరికైనా, రూమ్‌మేట్‌కైనా సరే, నిజం చెప్పండి.

అధ్యాపక ఉద్యోగం వచ్చింది. మొదటి రెండేళ్ళలో ఏమి చేయాలి?

నియామక పత్రం మీద సంతకం చేసే ముందే ప్రారంభ నిధి, ల్యాబ్ స్థలం, మొదటి ఏడాది బోధన భారం రాతలో తీసుకోండి. చేరిన తరువాత అడిగితే ఫైలు కదలడానికి నెలలు పడుతుంది. చేరిన మూడు నెలల్లో ఒక గ్రాంటు దరఖాస్తు పంపండి. తిరస్కరించినా సమీక్షకుల వ్యాఖ్యలు చేతికి వస్తాయి. మీరు చెప్పే పాఠాన్ని మొదటిసారే పూర్తిగా రాసిపెట్టుకొంటే రెండవ ఏడాది సగం సమయం మిగులుతుంది. కమిటీ పనుల్లో ఒకదానిని ఇష్టంగా తీసుకొని, మిగిలినవాటికి “ఈ సెమిస్టరు వీలుకాదండీ” అని చెప్పడం నేర్చుకోండి.

మొదటి పీహెచ్‌డీ విద్యార్థిని తొందరపడి చేర్చుకోకండి. చేర్చుకొన్నాక మాత్రం, పైన రెండవ ప్రశ్నలో మీరు గైడ్ గురించి అడిగి తెలుసుకోదలచిన మూడు అంకెలను ఇక మీ వద్దకు వచ్చేవారు అడుగుతారు కనుక, ఆ విద్యార్థి చేరిన తేదీని, ఆరు నెలలకొకసారి రాసుకొన్న ఆ ఒక పేజీని మీ దగ్గర కూడా ఒక ఫైలులో ఉంచండి.